మన్నె సుల్తాన్ : ఒక జమీందారీ బిరుదనామంలో అర్థపరిణామం

వ్యాససంగ్రహం

విజయనగరం జమీందారుల పూర్తి బిరుదనామంలో పారసీ, సంస్కృతం, తెలుగు, అరబ్బీ, తురుష్క మూలాలున్న మాటలు పక్కపక్కన కనిపిస్తాయి. వీటిని ఇంతవరకు వంశప్రతిష్ఠకు సాక్ష్యాలుగానో, నిఘంటువు అర్థాలుగానో మాత్రమే చదువుతున్నాం. బిరుదు అర్థాన్ని నిర్ణయించేది మూలధాతువు కాదు. దాన్ని ఎవరు ఇచ్చారు, ఎవరి మీద అధికారాన్ని అది చెప్పింది, పేరులో ఏ స్థానంలో నిలిచింది అన్నవే ముఖ్యమని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ పేరులో 'మన్నె' అన్న మాటకు ప్రత్యేకంగా చర్చ అవసరం. ప్రభువును చెప్పిన ఆ మాటే ఉత్తరాంధ్ర కొండల్లో ఒక తెగ పేరులోనూ ఉంది.

కీలకపదాలు: బిరుదు, మన్నె, దొర, గజపతి, మీర్జా, బహద్దరు, విజయనగరం, అర్థపరిణామం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో బిరుదుల మీద రాసిన వ్యాసాలు చాలావరకు రెండు దారుల్లో నడుస్తాయి. మొదటిది చరిత్రకారుల దారి. శాసనంలో కనిపించిన ప్రతి బిరుదును ఒక విజయానికి గుర్తుగా తీసుకొని, ఆ యుద్ధం ఎక్కడ జరిగిందో వెతుకుతారు. రెండవది వ్యుత్పత్తి దారి. మాటను విడదీసి, మూలం చూపి, అదే దాని అర్థమని తేల్చుతారు. రెండింటి ప్రయోజనాన్నీ కాదనలేం. అయితే రెండూ ఒక ప్రశ్నను వదిలేస్తున్నాయి. బిరుదు ఒకరి చేతి నుంచి మరొకరికి అందేది. ఇచ్చేవాడు మారినప్పుడు, పుచ్చుకునేవాడు మారినప్పుడు, పిలిచేవాడు మారినప్పుడు అది అదే మాటగా ఉండి వేరే పని చేస్తుంది. ఈ పనిని పట్టుకోవడానికి విడివిడి బిరుదుల పట్టిక చాలదు. ఒకే పేరులో పోగుపడ్డ బిరుదులను కలిపి చదవాలి. అందుకు విజయనగరం పూసపాటివారి పేరుకంటె అనువైన ఉదాహరణ తెలుగుదేశంలో అరుదు.

2. పేరు పూర్తి పాఠం

19వ శతాబ్దిలో ఈ వంశీయుల పేరు చిన్నచిన్న మార్పులతో ఇలా కనిపిస్తుంది: మహారాజా మీర్జా శ్రీ పూసపాటి ఆనంద గజపతిరాజు మన్నె సుల్తాన్ బహద్దరు గారు. దీని చివర జి.సి.ఐ.ఇ. అనే ఆంగ్లాక్షరాలు కూడా చేరాయి. గురజాడ 1897లో కన్యాశుల్కం మొదటి కూర్పును అంకితం చేసింది ఈ ఆనంద గజపతికే.

ఈ పేరులో మనిషికి తల్లిదండ్రులు పెట్టినది 'ఆనంద' ఒక్కటే. 'పూసపాటి' పూర్వులు నివసించిన ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు. తక్కినదంతా ఎవరో ఒకరు ఇచ్చినది, లేదా ఎవరి నుంచో తీసుకున్నది. గమనించవలసిన విషయం మరొకటి ఉంది. కొత్త ప్రభుత్వం వచ్చి కొత్త బిరుదు చేరినప్పుడు పాతది తొలగలేదు. మొగలాయీ మాట వచ్చినంత మాత్రాన గజపతి పోలేదు, ఇంగ్లీషు అక్షరాలు వచ్చినంత మాత్రాన మీర్జా పోలేదు. ఏ సార్వభౌముడు ఎప్పుడు పైన ఉన్నాడో చెప్పే దస్తావేజులాగా ఈ పేరు పెరుగుతూ వచ్చింది.

3. మీర్జా, రాజా, రాజు

'మీర్జా' పారసీలో 'అమీర్‌జాదా'కు కుదింపు, అంటే అమీరు కుమారుడు. అమీరు అరబ్బీ మాట, ఆజ్ఞ ఇచ్చేవాడు అని అర్థం. వ్యుత్పత్తి ఇక్కడితో అయిపోతుంది, అసలు కథ ఆ తరువాతే మొదలవుతుంది. ఇరాన్‌లో మీర్జా పేరు తరువాత వస్తే రాకుమారుడు, పేరుకు ముందు వస్తే చదువుకున్నవాడు, లేఖకుడు. అబ్బాస్ మీర్జా రాకుమారుడు. ముందు మీర్జా తగిలించుకున్న ఎందరో దివాణాల్లో కలం పట్టిన గుమాస్తాలు. ఒకే మాట స్థానం మారగానే సింహాసనం మెట్టు నుంచి రాతబల్ల దగ్గరికి దిగింది. హిందూస్థానంలో ఈ తేడా అంత గట్టిగా నిలవలేదు. మొగలు రాజవంశీయులూ మీర్జాలే, కవి గాలిబూ మీర్జాయే.

మొగలులు ఈ మాటను 'రాజా'తో జోడించి రాజపుత్రులకు ఇచ్చిన సందర్భం ప్రసిద్ధం. అంబరు ప్రభువు జయసింహుడు చరిత్రలో 'మీర్జా రాజా'గానే నిలిచాడు. ఈ జంటలో రాజా అంటే స్వతంత్ర పాలకుడు కాడు. బాదుషా కొలువులో హిందూ ప్రభువుకున్న స్థానాన్ని అది చెప్తుంది. మీర్జా ఆ స్థానాన్ని బాదుషా కుటుంబగౌరవానికి దగ్గర చేస్తుంది. పూసపాటివారి పేరులోని మీర్జాను కూడా ఈ వరసలో పెట్టి చదవాలి. అంతేగాని, అది ముస్లిం బిరుదా హిందూ బిరుదా అన్న ప్రశ్న వేస్తే జవాబు రాదు.

ఇక 'రాజా', 'రాజు' రెండూ ఒకే పేరులో ఉండటం పునరుక్తిలా తోస్తుంది. నిజానికి రెండూ వేరువేరు పనులు చేస్తున్నాయి. ముందున్న తత్సమరూపం పైవాడు గుర్తించిన హోదా, చివరనున్న తెలుగు రూపం పుట్టుకను చెప్పే మాట. అయితే ఈ రెండవదాన్ని గతానికంతా వర్తింపజేయడం ప్రమాదం. కాకతీయుల కాలపు శాసనాలను పరిశీలించిన సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథంలో నాయక, రెడ్డి, సెట్టి, బోయ వంటి పేరుచివరి మాటలు నేటి అర్థంలో కులనామాలు కావని, హోదాను వృత్తిని చెప్పేవని నిరూపించే ప్రయత్నం చేశారు. తండ్రికి ఒక మాట, కొడుకుకు మరొకటి ఉన్న సందర్భాలు ఆ వాదానికి బలం. 'రాజు' విషయంలో మనకు శాసనాలదాకా వెళ్లే అవసరం కూడా లేదు. పోతన పోతరాజు, సింహాసనద్వాత్రింశిక రాసినవాడు కొరవి గోపరాజు. ఇద్దరూ బ్రాహ్మణులు. గ్రామదేవత తమ్ముడు పోతురాజు. భట్రాజులకూ రాజశబ్దం ఉంది. ఇన్ని చోట్ల తిరిగిన మాట ఒకే కులానికి స్థిరపడటం చాలా ఆలస్యంగా జరిగిన పని. ఆ స్థిరత్వాన్ని వెనక్కి తీసుకెళ్లి పాత శాసనాల్లో వెతకడం మన కులచరిత్రలు తరచు చేసే పొరపాటు.

ప్రాకృతంలో 'రాయ'గా మారి మనకు చేరిన శాఖ మరొకటి: రాయలు, రాయుడు, రావు. తెలుగువారి అతిపెద్ద నిఘంటువుల్లో ఒకటైన సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురం జమీందారు పేరు మీద వెలసింది. ఆయన రాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. ఈ ఒక్క పేరులో రాజశబ్దం రాజాగా ఒకసారి, రావుగా రెండుసార్లు వచ్చింది, మహీపతి అదనం. రావు మొదట ఇంటిపేరు, చివర పేరుకు తోక. అర్థం ఉందనుకుంటే మితిమీరిన పునరుక్తి. అర్థం కరిగిపోయింది కాబట్టే ఎవరి చెవికీ తట్టలేదు.

4. గజపతి

ఏనుగుల ప్రభువు అన్న అర్థం మొదట సైన్యబలానికి సంబంధించినది. 1434లో కపిలేంద్రుడు స్థాపించిన ఒరిస్సా రాజ్యానికి అది సింహాసనం పేరైంది. అశ్వపతి, గజపతి, నరపతి అనే మూడు సింహాసనాల కల్పన దక్కను రాజకీయాన్ని ఒక చిత్రంలో చూపుతుంది. రాయవాచకంలో ఈ త్రయం కథనానికే ఆధారం. అక్కడ గజపతి వ్యక్తి కాదు, ఒక దిక్కు.

16వ శతాబ్ది మధ్యనాటికి కపిలేంద్రుని వంశం అంతరించింది. సింహాసనం పోయాక మాటకు స్వేచ్ఛ వచ్చింది. పూరీలో జగన్నాథుని రథం ముందు చీపురు పట్టే రాజు నేటికీ గజపతియే. పర్లాకిమిడి ప్రభువులు గజపతులు. విజయనగరంలో ఆ మాట పేరులో భాగమైంది. ఇక్కడ గజపతి అన్నది ఏనుగుల సంఖ్యను గాని, కటకం సింహాసనాన్ని గాని చెప్పదు. ఒకనాటి కళింగ సార్వభౌమత్వపు నీడలో మేమూ ఉన్నామని మాత్రమే చెప్తుంది. ఇవాళ ఒరిస్సాలో పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి పేరిట గజపతి జిల్లా ఉంది. విజయనగరం జిల్లాలో గజపతినగరం ఉంది. బిరుదు చివరికి పటం మీద ఊరి పేరుగా మిగలడం అర్థపరిణామంలో ఒక సాధారణ దశ. దాని మీద ఎక్కువ చెప్పనక్కరలేదు.

5. మన్నె సుల్తాన్

ఈ పేరులో చరిత్రకారులు దాదాపు ఆగకుండా దాటిపోయిన భాగం ఇది. ఇంగ్లీషు గ్రంథాల్లో 'మాన్య సుల్తాన్' అన్న ఉచ్చారణకు తగ్గట్టు రాశారు. దానితో 'గౌరవనీయుడైన సుల్తాను' అన్న అర్థం కొందరికి తోచింది. మరికొందరు 'మన్యానికి సుల్తాను', అంటే కొండప్రాంతానికి ప్రభువు అన్నారు. రెండవది వాస్తవానికి దగ్గర. కాని అది కూడా సగమే సరైనదని నా అభిప్రాయం.

'సుల్తాను' అరబ్బీలో మొదట మనిషిని చెప్పిన మాట కాదు. అధికారం, ప్రమాణం అనే భావార్థం. తరువాత అధికారం గలవానికి బిరుదైంది. ఉస్మానీ సామ్రాజ్యంలో పేరు తరువాత చేరి రాకుమార్తెలకూ వర్తించింది. దక్షిణాపథంలో దీనికి జరిగిన మార్పు మరీ ఆసక్తికరం. 14వ శతాబ్దిలో విజయనగర సామ్రాజ్య స్థాపకుల్లో ఒకడైన బుక్కరాయలు 'హిందూరాయ సురత్రాణ' అని చెప్పుకున్నాడు. సుల్తాను సంస్కృతవేషం వేసుకొని, దేవతలను రక్షించేవాడనే కొత్త వ్యుత్పత్తిని సంపాదించింది. ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన వ్యాసంలో ఈ బిరుదును ఆధారం చేసుకొని, విజయనగర కొలువు తన కాలపు ఇస్లామిక రాజసంస్కృతిలో భాగస్వామి అయిందని వాదించారు. ఆ వాదంలోని వేషభాషల చర్చకంటె ఇక్కడ నాకు అవసరమైనది సమాసనిర్మాణం. 'హిందూరాయ సురత్రాణ' అంటే హిందూ దేశానికి సుల్తాను కాదు. హిందూ రాజులలో, హిందూ రాజులపై సుల్తాను. అదే రాయల ఇంకొక బిరుదు 'మూరురాయర గండ', అంటే ముగ్గురు రాజులకు మగడు. ఈ బిరుదులు భూమిని చెప్పవు. ఇతర బిరుదధారులను చెప్తాయి.

'మన్నె సుల్తాన్'ను ఈ అచ్చులో పెట్టి చూద్దాం. మన్నె అంటే కొండ అడవి ప్రాంతం అన్నది నేటి అర్థం. మన నిఘంటువుల్లోనే 'మన్నీడు' అన్న మాటకు ప్రభువు, దొర అన్న అర్థం ఉంది. కన్నడ శాసనాల్లో 'మన్నెయ' సామంతుడు. ఈ రూపాలను బట్టి చూస్తే గౌరవాన్ని చెప్పే 'మాన్య' నుంచి మన్నెయ, మన్నె రావడం సహజంగా కనిపిస్తుంది. మొదట మన్నన పొందినవాడు, ఆ మన్ననతో భూమి అనుభవించేవాడు, తరువాత అలాంటివారు ఉండే సీమ. పన్నులేని భూమిని చెప్పే 'మాన్యం', కొండసీమను చెప్పే 'మన్యం' ఈ దారిలో విడిపోయిన రెండు పాయలు కావచ్చు. అప్పుడు మన్నె సుల్తాన్ అంటే చెట్లూ గుట్టలూ ఉన్న చోటికి సుల్తాను కాదు. మన్నీలపై సుల్తాను, కొండసీమ చిన్న ప్రభువులకు పెద్ద ప్రభువు.

ఈ చదువు 18వ శతాబ్ది రాజకీయానికి సరిపోతుంది. విజయనగరం బలం దాని మైదానపు ఊళ్లలోనే లేదు, చుట్టూ ఉన్న కొండ జమీందారులను అదుపులో ఉంచడంలో ఉంది. కొండజనాన్ని ఎలా చేరదీయాలో ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసం రాజనీతి భాగంలో చర్చించిందంటే, మన్నెం అప్పటికే పాలకులకు ఎంత చిక్కుప్రశ్నో తెలుస్తుంది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కుంపిణీ సైన్యంతో పోరాడి విజయరామరాజు మరణించాడు. ఆ తరువాత కుంపిణీ చేసిన పనుల్లో ముఖ్యమైనది కొండ జమీందారులను విజయనగరం కింద నుంచి తప్పించి తనతో నేరుగా సంబంధం పెట్టుకోవడం. 1802 నాటి శాశ్వత పరిష్కారం నాటికి మన్నీలపై సుల్తానుగా ఉండటానికి మన్నీలు మిగలలేదు. అయినా మన్నె సుల్తాన్ అన్న మాట పేరులో చెక్కుచెదరలేదు. ఏ అధికారం పోయిందో ఆ అధికారపు మాటే ఆ తరువాతి శతాబ్దమంతా నిండుగా అచ్చయింది. దీన్ని ఆడంబరమనడం సులభం. నాకు మాత్రం కోల్పోయిన హక్కుకు పెట్టిన అర్జీలా కనిపిస్తుంది.

6. బహద్దరు, గారు

'బహద్దరు' దూరం నుంచి వచ్చిన మాట. తురుష్క మంగోలు భాషల్లో వీరుడని అర్థం. మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్‌లో ఉన్న బాటర్ ఇదే, అంటే ఎర్రవీరుడు. పారసీ ద్వారా మొగలు కొలువుకు, అక్కడి నుంచి నిజాం కొలువుకు చేరింది. యుద్ధంతో దాని బంధం ఎంత సడలిందో చెప్పడానికి హైదరాబాదు చాలు. అక్కడ జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జాహ్ అని మెట్లుమెట్లుగా బిరుదులుండేవి. జంగ్ అంటే యుద్ధం. ఆ మాటతో లోకం ఎరిగిన మొదటి సాలార్‌జంగ్ మాత్రం ముప్పై ఏళ్లు దివానుగిరీ చేసి ఖజానా లెక్కలు చక్కబెట్టిన మనిషి.

ఇంగ్లీషువారు ఈ నిచ్చెనను కూల్చలేదు, కింద మరికొన్ని మెట్లు కట్టారు. కుంపిణీ తానే బహద్దరు అనిపించుకుంది. రావు బహద్దరు, దానికి కింద రావు సాహెబు పుట్టాయి. 1893లో కందుకూరి వీరేశలింగానికి రావు బహద్దరు ఇచ్చారు. 1913లో గిడుగు రామమూర్తికి రావు సాహెబు. రాజు అనే మాట, మంగోలు వీరుడు అనే మాట కలిసి ఒక తెలుగు పండితుని భుజాన వాలాయి. సంస్కరణకో భాషాసేవకో రాజ్యం ఇవ్వగలిగిన గుర్తింపుకు వేరే మాట లేకపోవడం గమనార్హం.

మద్రాసు ప్రభుత్వపు ఉత్తరాల్లో ఇంకో విచిత్రం జరిగింది. 'మహారాజరాజశ్రీ' కుదించుకుపోయి మ.రా.రా.శ్రీ. అయింది. గుమాస్తా మొదలు డిప్యూటీ కలెక్టరు దాకా అందరి పేర్ల ముందూ అదే. మహారాజును సూచించవలసిన సమాసం చిరునామాలో మర్యాదాక్షరాలుగా మిగిలింది. చివర 'గారు' తప్పనిసరి. ఆ 'గారు' జమీందారు పూర్తి పేరులో కూడా చివరిదే. పైనుంచి సన్నదు అవసరం లేనిది, పొరుగువాడు ఇవ్వగలిగినది ఆ ఒక్క మాటే. అందుకే కాబోలు దాన్ని బిరుదుగా ఎవరూ లెక్కించలేదు.

7. మన్నె, దొర : అదే మాట, మరో చివర

ఇంతవరకు ఈ చర్చ ఒక కోటలోపల జరిగింది. కోట బయట, అదే సీమలో, ఇవే మాటలు మరొక దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో 'మన్నె దొర' అన్న పేరుంది. కొండదొర, ముఖదొర, నూకదొర అన్నవీ ఉన్నాయి. మహారాష్ట్ర జాబితాలో కోలాములతో పాటు 'మన్నెర్వార్లు' ఉన్నారు. తెలుగువారు ఆ తెగను మన్నెవారు అని పిలిచిన పిలుపే అది. మన్నె ప్రభువు, దొర ప్రభువు. రెండు ప్రభువాచకాలు కలిసి ఒక తెగ పేరు అయింది. మన్నె సుల్తాన్, మన్నె దొర అన్న రెండు పేర్లను పక్కపక్కన పెడితే నిర్మాణంలో తేడా లేదు. ఒకటి గద్యంలో చదివేది, మరొకటి ధ్రువపత్రం మీద రాసేది.

దొర అన్న మాట ద్రావిడం. తమిళంలో తురై, కన్నడంలో దొరె. మైదానంలో అది ప్రభువు నుంచి తెల్లవానికి మారింది. బ్రౌన్ దొర, కాటన్ దొర అన్నప్పుడు అందులో మెచ్చుకోలు వినిపిస్తుంది. తెలంగాణలో గడీలో ఉన్న దేశ్‌ముఖు దొర. ఆ పిలుపు వెనుక వెట్టిచాకిరీ, వంగిన నడుము ఉన్నాయి. 'బాంచన్ దొరా' అన్న మాటలో బానిసత్వమంతా వినిపించడంవల్లే అక్కడి సాహిత్యంలో దొర తిట్టుకు దగ్గరైంది. ఇక్కడ విమర్శకులు చేసే పొరపాటు ఒకటుంది. తెలంగాణ దొరను మొత్తం తెలుగు దొరగా భావించి, ఆ మాట ఎక్కడ కనబడినా భూస్వామ్యచిహ్నంగా చదువుతారు. ఉత్తరాంధ్ర కొండల్లో ఆ చదువు తలకిందులవుతుంది.

1922–24 మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజుకు కుడిఎడమల నిలిచినవారు గాం గంటం దొర, గాం మల్లు దొర. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర వారి దళం చేతిలో ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. చనిపోయినవారూ జనం నోట దొరలే. దొరల మీద దొరలు తిరగబడిన ఈ వాక్యాన్ని ఒకే అర్థంతో చదవడం అసాధ్యం. కొండ మీద దొర ముఠాకు పెద్ద, ఊరికి పెద్ద. అతని పెద్దరికాన్ని కాపాడేది కొండజనం మన్నన. మైదానపు దొరతనం దస్తావేజు మీద నిలిచింది. గూడెం–రంప తిరుగుబాట్ల మీద 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ రాసిన వ్యాసం ఈ ముఠాదార్ల స్థితిని చర్చించింది. అయితే వారి పేర్లలోని ఈ మాటను మన భాషాపరిశోధన ఇంకా తన విషయంగా చేసుకోలేదు.

పేరులో దొరతనం ఉన్నవారి చేతి నుంచి భూమి జారిపోకుండా 1959లో ఒక నిబంధన, 1970లో దానికి సవరణ తేవలసి వచ్చింది. వ్యుత్పత్తిని మాత్రమే నమ్మినవాడు మన్నె దొర అన్న పేరు చూసి పూర్వపు పాలకవర్గం అనుకుంటాడు. అలా అనుకోవడం నిఘంటువు చర్చగా ఉన్నంతకాలం హాని లేదు. తెగల గుర్తింపు మీద వాదం వచ్చినప్పుడు పేరే సాక్ష్యమై కూర్చోగలదు. బిరుదుల అర్థాన్ని జాగ్రత్తగా రాయవలసిన అవసరం ఇక్కడ నిజంగా ఉంది.

జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 18వ అధికరణం సైనిక, విద్యా గౌరవాలు తప్ప ప్రభుత్వం బిరుదులివ్వరాదన్నది. 1952 ఎన్నికల్లో గాం మల్లు దొర లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అతని దొర అన్న మాటను ఆ అధికరణం తాకలేదు, ఎందుకంటే దాన్ని ఏ రాజ్యమూ ఇవ్వలేదు. పూసపాటివారి గజపతిరాజును కూడా తాకలేదు, అప్పటికే అది పేరుగా మారింది కాబట్టి. మధ్యలో ఉన్న మీర్జా, మన్నె సుల్తాన్, బహద్దరు మాత్రమే వాడుక నుంచి జారుకున్నాయి.

ఈ దిశలో వెంటనే చేయదగిన పని ఒకటుంది. కళింగ ప్రాంతపు కైఫియత్తుల్లోనూ శాసనాల్లోనూ 'మన్నె' వచ్చిన ప్రతి చోటును గుర్తించి, అది ఎక్కడ మనిషిని చెప్పింది, ఎక్కడ భూమిని, ఎక్కడ కొండను, ఎక్కడ తెగను చెప్పిందో వేరుచేసి తేదీలవారీగా పేర్చాలి. ఏ దశాబ్దంలో ప్రభువు కనుమరుగై కొండ మాత్రమే మిగిలిందో ఆ పట్టిక చూపగలదు. ఈ వ్యాసంలో 'మాన్య' నుంచి చూపిన వ్యుత్పత్తి నిలుస్తుందా, పడిపోతుందా అన్నదీ దానితోనే తేలుతుంది.